బకెట్ చప్పుడు

ఎలుకల మేస్త్రి పొద్దున్నే బకెట్ పట్టుకుని బయల్దేరితే గోదాముల్లో ఎవరూ ఎదురు రారు. బస్తాలు మోసేవాళ్ళు పక్కకి తప్పుకుంటారు, లారీ డ్రైవర్లు మొహం తిప్పుకుంటారు. ఆయనా ఎవర్నీ పలకరించడు. పలకరిస్తే ఎదుటివాడి చూపు ముందు బకెట్ మీదకి పోయి, ఆ తర్వాతే తన మొహం మీదకి వస్తుందని ఎప్పుడో గ్రహించాడు. మేస్త్రి అన్న పిలుపు కూడా ఎవరో వేళాకోళానికి అంటించిందే. ఆయన చేతికింద ఎవరూ లేరు, ఎలుకలు తప్ప.

మొత్తం నాలుగు గోదాములు, ఒక్కోదాంట్లో పదహారు పెట్టెలు. మూరెడు పొడవు నల్ల ప్లాస్టిక్ పెట్టెలు, రెండు పక్కలా ఎలుక దూరేంత కన్నం. ఎలుక గోడవారనే నడుస్తుంది కాబట్టి పెట్టె గోడకి ఆనుకుని ఉండాలి. బస్తాలవాళ్ళ కాలు తగిలి జానెడు జరిగిందా, ఎలుక దాని పక్కనుంచే దర్జాగా వెళ్ళిపోతుంది. అందుకని ఆయన ప్రతి పెట్టె దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని గోడకి నెట్టి, తాళం తీసి, తీగకి గుచ్చిన నీలంరంగు మైనపు మందుబిళ్ళని పైకెత్తి చూస్తాడు. ఎంత కొరికాయో చూసి, కొత్త బిళ్ళ గుచ్చి, మూత వేసి, గోడ మీద వేలాడే కార్డులో టిక్కు పెడతాడు. చచ్చిపడిన ఎలుకలుంటే తోకపట్టుకుని బకెట్లో వేస్తాడు. కార్డులో ఆఖరి గడి, చచ్చిన ఎలుకలను గోతిలో పూడ్చినట్టు. అందులోనూ టిక్కు పెడతాడు. పూడ్చడం మాత్రం ఎనిమిది నెలల కిందటే మానేశాడు.

గోతి వెనక గోడ దగ్గరుంది. దాని పక్కనే లారీలు తూచే పాడుబడిన కాటా, పైన నున్నటి సిమెంటు దిమ్మె. సోమవారం పొద్దున మేస్త్రి అక్కడికొచ్చి, బకెట్ ఎత్తి ఇనుప పిడిని రెండుసార్లు టకటకమనిపించాడు. ఆ చప్పుడు చాలు. నాలుగో గోదాము ముందున్న పొడుగాటి లైటుస్తంభం చివర, పుల్లల గూట్లోంచి గద్ద లేస్తుంది. రెండు చుట్లు తిరిగి, ఆయన పైకి విసిరిన ఎలుకని నేల తాకకుండా గాల్లోనే పట్టుకుపోతుంది. దాని జత ఇంకోటుంది గానీ అది బిడియం మనిషి, ఆయన వెళ్ళిపోయాక వస్తుంది. గూట్లో ఈ ఏడు పిల్ల ఒకటే. ఆడగద్ద కుడిరెక్కలో ఒక ఈక లేదు, దాన్నిబట్టి గుర్తుపడతాడు. దాని ఠీవి చూసి దొరసాని అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునేందుకు ఎవరూ లేరు.

ఆ రోజు దొరసాని గాల్లో చుట్లు తిరగలేదు. తిన్నగా దిమ్మె మీదకి దిగి కూర్చుంది. మేస్త్రి ఒక అడుగు వేసి ఆగాడు. అది కదల్లేదు. ఇంకో అడుగు వేశాడు. రెక్కలు కొంచెం వేలాడేసి, మెడ లోపలికి ముడుచుకుని, పండుటాకు రంగు కన్ను ఒకటి తెరిచి ఆయన్ని చూసింది. ఎనిమిది నెలలుగా మూడు బారల దూరం దాటి రానివ్వనిది, మూరెడు దూరంలో కూర్చోనిచ్చింది. ఎలుకని తోకపట్టి అందించాడు. అది ముక్కుతో పట్టుకుని, ఒక్క ముక్క పీకి, మిగతాది కాళ్ళకింద వదిలేసింది. పెట్టినవాళ్ళ మర్యాద కోసం ఒక్క ముక్క తిన్నదేమో అనుకున్నాడాయన. చూపుడువేలు జాపి దాని తల మీద మెల్లిగా రాశాడు. ఈకల కింద తల చిన్నది, వెచ్చగా ఉంది. దొరసాని కన్ను మూసుకుంది.

ఆయన ఆ వేలిని ఎలా దింపుకోవాలో తెలియక కాసేపు అలాగే ఉండిపోయాడు. ఒక ప్రాణి తనంతట తాను దగ్గర కూర్చుని ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టుకోబోయి, వద్దులే అని మానేశాడు. కళ్ళు మాత్రం ఆగలేదు.

తర్వాత గేటు పక్కనున్న టీకొట్టుకి వెళ్ళాడు. టీకొట్టావిడకీ ఆయనకీ మాటల్లేక మూడు నెలలు. కొట్టు వెనక ఆవిడ ఐదారు కోళ్ళని పెంచుకుంటోంది. దొరసాని రెండుసార్లు పిల్లల్ని తన్నుకుపోయింది. అప్పట్నించీ గద్ద కనబడితే చాలు, ఆవిడ రాయి పుచ్చుకుని పక్కనుంచి వెనక గోడదాకా సాగిన రేకుల షెడ్డు మీదకి విసురుతుంది. ఆ రేకు చప్పుడుకి గద్దలతో పాటు లారీల్లో నిద్రపోయే క్లీనర్లు కూడా లేచి కూర్చుంటారు. నువ్వు పెంచిన గద్ద మా కోడిపిల్లల్ని ఎత్తుకుపోతోందని ఆవిడ ఒకసారి అంది. ఆకాశానికి అద్దె కడుతున్నావా అని ఆయన అన్నాడు. అంతటితో సరి. ఇప్పుడాయన వేలు చూపిస్తే ఆవిడ టీ పోస్తుంది, గ్లాసు బల్ల మీద టక్కున పెడుతుంది. ఆ వేళ మేస్త్రి గ్లాసు ఎడంచేత్తో పట్టుకుని తాగాడు. కుడిచేతి చూపుడువేలిని రోజంతా దేనికీ తగలనివ్వలేదు.

ఆదివారం కాకపోయినా కూతురికి ఫోన్ చేశాడు. గద్ద తన చేతిలోది తిన్నదనీ, తల నిమిరించుకున్నదనీ చెప్పాడు. ఆ అమ్మాయి ఆఫీసులో ఉన్నట్టుంది, పక్కన ఎవరో మాట్లాడుతున్నారు.

"నాన్నా, చేతులు కడుక్కున్నావా?" అంది.

కడుక్కున్నానమ్మా అని అబద్ధం చెప్పి పెట్టేశాడు.

మంగళవారం బకెట్ పిడి ఎంత ఆడించినా గూట్లోంచి ఎవరూ లేవలేదు. పిల్ల అరుపు మాత్రం వినబడుతోంది, ఆగకుండా, ఈల లాంటి అరుపు. మేస్త్రి తలెత్తి చూస్తూ స్తంభం చుట్టూ తిరిగాడు. ఎక్కడా లేదు. చివరికి టీకొట్టు వెనక, బూడిదగుట్ట పక్కన కనబడింది. రెక్కలు రెండూ పరిచి బోర్లా పడి ఉంది. ముక్కు చివర నెత్తురు బొట్టు. ఎత్తుకుంటే ఆయన చొక్కా మీద ఇంకో బొట్టు పడింది. ఊపిరి ఉంది. చుట్టూ గులకరాళ్ళున్నాయి. ఆయనకి ఆ రాళ్ళు తప్ప ఇంకేమీ కనబడలేదు. పక్కన చిన్న సత్తుగిన్నెలో నీళ్ళున్న సంగతి కాలికి తగిలాకే తెలిసింది.

టీకొట్టు ముందు బస్తాలవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. వాళ్ళందరి ఎదుటా నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆయన గొంతు వాళ్ళు అంత పెద్దగా వినలేదు.

"కొట్టావు కదా? నీ కచ్చ తీరింది కదా?"

టీకొట్టావిడ పాలగిన్నె దించి చూసింది. "నేనెందుకు కొడతానన్నయ్యా? నేను వేసేది రేకు మీద. పిట్ట మీద ఏనాడూ వెయ్యలేదు."

"మరి ఈ నెత్తురెక్కడిది?"

"నాకేం తెలుసు? పొద్దున నేనొచ్చేసరికే అక్కడ కూలబడి ఉంది. పాపం అనిపించి నీళ్ళు కూడా పెట్టాను."

"చంపేదీ నువ్వే, గొంతు తడిపేదీ నువ్వేనా?" అన్నాడు మేస్త్రి. వెనక్కి వెళ్ళి ఆ సత్తుగిన్నెని ఒక్క తన్ను తన్నాడు. అది వెళ్ళి గోడకి కొట్టుకుని, బూడిదలో బోర్లా పడింది. ఎవరూ నవ్వలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ పూట ఆయనవి రెండూ జారాయి, ఆ సంగతి ఆయనకి ఇంకా తెలియదు.

అదే ఊపులో మేనేజరు గదికి వెళ్ళాడు. మేనేజరుకి గద్దల మీద ప్రేమ లేదు గానీ ఆ టీకొట్టు మీద కోపం ఉంది. లారీలు తిరగడానికి అడ్డమని ఏడాదిగా అంటున్నాడు. కావలసింది ఒక కాగితమే. రాళ్ళు విసురుతోందని రాసివ్వు, మిగతాది నేను చూసుకుంటానన్నాడు. మేస్త్రి నిలబడే రాశాడు, చంకలో గద్దతో. సంతకం పెట్టేటప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆగింది. అప్పుడు దొరసాని ముక్కునించి ఇంకో బొట్టు కాగితం మూల మీద పడింది. సంతకం పెట్టేశాడు. బుధవారం సాయంత్రానికల్లా కొట్టు గేటు బయటికి తీసెయ్యాలని మేనేజరు అప్పటికప్పుడే మనిషిచేత కబురు పంపించాడు.

పశువుల ఆసుపత్రి రెండు బస్సుల దూరం. గద్దని చేతుల్లో పట్టుకెళ్తే బస్సు ఎక్కనివ్వరని, సామాన్ల గదిలో ఖాళీ అట్టపెట్టె ఒకటి వెతికి, అడుగున గోనెపట్టా పరిచి, అందులో పడుకోబెట్టాడు. దారంతా పెట్టె ఒళ్ళో పెట్టుకుని, మూత సందులోంచి వేలు పెట్టి తల తడుముతూనే ఉన్నాడు. పక్క సీటులో కూర్చున్నామె లోపలేముందని అడిగింది. మావాళ్ళే అన్నాడు. ఆమె లేచి ఇంకో సీటులో కూర్చుంది.

డాక్టరు చిన్నపిల్ల, కూతురి వయసు కూడా ఉండదు. రాయితో కొట్టారని చెప్పాడు. ఆమె తొడుగులు వేసుకుని రెండు రెక్కలూ విప్పి ఎముక వెంబడి తడిమింది. రొమ్ము తడిమింది. కాళ్ళు చూసింది. ఎక్కడా ఏదీ విరగలేదంది. ముక్కు తెరిచి లోపలికి టార్చి వేసింది. ఎర్రగా ఉండాల్సిన నోరు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కాలి దగ్గర సూదితో చిన్నగా గుచ్చి, దూదితో అదిమి, గడియారం చూస్తూ నిలబడింది. దూది మార్చింది. మళ్ళీ మార్చింది. ఆ చిన్న చుక్క ఆగలేదు.

అప్పుడామె అట్టపెట్టె వైపు చూసింది. దాన్ని తిప్పి, పక్కమీదున్న సన్నటి అక్షరాలు చదివింది. మేస్త్రి ఆ ఎలుకలమందు పెట్టెల్ని వందల సార్లు మోశాడు. ఆ అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి, ఆయన చదివింది పక్కనున్న ఎలుక బొమ్మనే.

"మీరేం పని చేస్తారండీ?"

చెప్పాడు.

"చచ్చిన ఎలుకల్ని ఏం చేస్తారు?"

పూడుస్తానని చెప్పడానికి నోరు తెరిచాడు. ఎనిమిది నెలలుగా రోజూ టిక్కు పెట్టిన అబద్ధమే, నాలుక చివరే ఉంది. దొరసాని బల్ల మీద కన్ను మూసుకుని ఉంది. "దీనికే పెడతానమ్మా," అన్నాడు.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడితే బావుండేదని ఆయనకి తర్వాత చాలాసార్లు అనిపించింది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. ఈ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, నాలుగైదు రోజులు మత్తుగా తిరుగుతుంది. లోపల నెత్తురు గడ్డకట్టడం మానేస్తుంది. ఆ ఎలుకని తిన్నదాని కాలేయంలో మందు చేరి నిలవుంటుంది. ఒక ఎలుకతో ఏమీ కాకపోవచ్చు. రోజుకొకటి చొప్పున చేరుతూ పోతే ఏదో ఒకనాడు ఒళ్ళంతా లోపల్లోపలే కారిపోతుంది. పెట్టె మీద అదే రాసుంది, పక్షులకి అందకుండా లోతుగా పూడ్చాలని.

"నిన్న బాగానే ఉందమ్మా," అన్నాడు మేస్త్రి. "నా దగ్గరికొచ్చి కూర్చుంది. తల నిమిరించుకుంది. ఎనిమిది నెలలకి నిన్ననే మచ్చికయింది."

డాక్టరు తొడుగులు విప్పుతూ ఆగింది. చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టుంది.

"అది మచ్చిక కాదండీ," అంది. "లేచి ఎగిరే ఓపిక లేక."

విటమిన్ సూది వేసింది. ఆలస్యమైందని ముందే చెప్పింది. మేస్త్రి వరండాలో బల్ల మీద పెట్టె పక్కన కూర్చున్నాడు. తలమీద వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. గంట గడవకముందే లోపల గోనెపట్టా చిన్నగా గీరుకున్న చప్పుడై, ఆగిపోయింది. వెళ్ళేముందు ఆయన డాక్టరుని ఒక్క మాట అడిగాడు, గూట్లో పిల్ల ఉంది, మగది ఒక్కటే అయింది, వాటికి ఏం పెట్టాలని. ఏమీ పెట్టొద్దంది ఆమె. వాటి తిండి అవి ఊరంతా వెతుక్కుంటాయి, మీ గోదాముల ఎలుకల్ని తిననివ్వకుండా చూస్తే చాలు, అక్కడ తూలుతూ తిరిగే ఎలుకలు కూడా విషమే అంది.

గోతి మీద గడ్డి మొలిచి ఉంది. సాయంత్రం వెలుగుండగానే మేస్త్రి పార తెచ్చి గడ్డి చెక్కి, మోకాలిలోతు తవ్వి, దొరసానిని అందులో పెట్టాడు. ఎనిమిది నెలల తర్వాత ఆ గోతిలో పూడ్చిన మొదటి ప్రాణి అదే. పైన పిల్ల అరుస్తూనే ఉంది.

బుధవారం టీకొట్టావిడ బల్లలు విప్పుతోంది. మేకులు పీకి ఒక డబ్బాలో వేస్తోంది. ఎవరూ సాయం పట్టలేదు, మేనేజరు కిటికీలోంచి చూస్తున్నాడు మరి. మేస్త్రి ఆమెని దాటుకుని మేనేజరు గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. అంతా చెప్పాడు. రాయి తగల్లేదనీ, మందు పెట్టింది తనేననీ, కార్డుల్లో టిక్కులన్నీ అబద్ధమనీ.

మేనేజరుకి ఆఖరి ముక్క ఒక్కటే వినబడింది. ఆ కార్డుల కింద తన సంతకం కూడా ఉంటుంది. లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"ఈ మాట ఇక్కడితో మింగెయ్. ఎవరడిగారు నిన్ను? చచ్చింది గద్ద, మనిషి కాదు."

"కొట్టు తీయించేస్తున్నారు కద సార్."

"నువ్వు రాసిచ్చావనే తీయిస్తున్నాను. ఇప్పుడు వెనక్కి తీసుకోవాలంటే కారణం కావాలి, కాగితం మీద."

"రాసిస్తాను సార్."

"రాస్తే ముందు పోయేది నీ పని."

మేస్త్రికి ఆ సంగతి తెలుసు. ఈ వయసులో, ఈ చేతులతో, ఎలుకలు తప్ప వేరే విద్య లేదని కూడా తెలుసు. కాగితం అడిగాడు. ఈసారి కూర్చుని రాశాడు. మేనేజరు దాన్ని రెండుసార్లు చదివి, సొరుగులో పడేసి, పైవాళ్ళు ఏమంటారో చూద్దాం, అప్పటిదాకా నువ్వూ ఉండు, ఆ కొట్టూ ఉండనీ అన్నాడు. ఆ అప్పటిదాకా వారమో నెలో చెప్పలేదు.

టీకొట్టావిడకి ఆ మాట చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. ఆమె సుత్తి కింద పెట్టకుండానే విన్నది. మేస్త్రి నాదే తప్పు చెల్లెమ్మా అన్నాడు.

"ఆ గిన్నె తన్నావు చూడు," అంది ఆమె. "సొట్ట పడింది."

పీకిన మేకులు మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. ఆయన బల్ల రెండో చివర ఎత్తి పట్టుకున్నాడు. ఆవిడ వద్దనలేదు, కూర్చోమనీ అనలేదు.

గురువారం పొద్దున మేస్త్రి బకెట్ పిడికి పాతగుడ్డ గట్టిగా చుట్టాడు, చప్పుడు కాకుండా. మోకాళ్ళ మీద అరవై నాలుగు పెట్టెలూ చూశాడు. గోడవార తూలుతున్న ఎలుక ఒకటి కనబడితే దాన్నీ పట్టాడు. మొత్తం ఆరు. గోతి దగ్గరికి దొంగలా నడిచాడు. అయినా పైన నీడ కదిలింది. అది మగగద్ద. చప్పుడు లేకపోయినా మనిషిని గుర్తుపట్టింది. ఇన్నాళ్ళూ ఆయన వెళ్ళాక గానీ రానిది, ఆకలికి బిడియం వదిలేసి నెత్తిమీదే చుట్లు తిరుగుతోంది. పిల్ల గూటి అంచుకొచ్చి అరుస్తోంది.

ఛీ పో అన్నాడు మేస్త్రి. అది దిమ్మె మీదకి దిగింది. గులకరాయి తీసి పక్కకి విసిరాడు. రాయి గాల్లోకి లేవడం చూసి గద్ద గబుక్కున ఎగిరి దాని మీదకి దూకింది. అందక, మళ్ళీ వచ్చి దగ్గరగా వాలింది. ఇంకోటి విసిరాడు. దానికీ దూకింది. ఎనిమిది నెలలుగా ఆ చేతిలోంచి పైకి లేచిందల్లా తిండే, దానికి తెలిసింది అదొక్కటే. మూడో రాయి తగిలేలా వెయ్యాలని చెయ్యెత్తాడు. చెయ్యి రాలేదు. దిమ్మె మీద కూలబడి, పో నాయనా, పో అని మెల్లిగా అన్నాడు. అది తల పక్కకి వాల్చి విన్నది.

టీకొట్టావిడ ఎప్పుడొచ్చిందో గోడ పక్కన నిలబడి ఉంది. కొంగులో గుప్పెడు రాళ్ళున్నాయి.

"అలా విసిరితే పోదన్నయ్యా. తిండనుకుంటోంది. రేకు మీద వెయ్యాలి."

ఒకటి తీసి షెడ్డు మీదకి విసిరింది. రేకులు దద్దరిల్లాయి. గద్ద ఎగిరి లైటుస్తంభం దాటి పైకి పోయింది, కానీ వెళ్ళిపోలేదు, అక్కడే తిరుగుతోంది. మేస్త్రి బకెట్ తీసుకుని లేచాడు. టీకొట్టావిడ చూపు పిడికి చుట్టిన గుడ్డ మీద ఆగింది.

"అదెందుకు చుట్టావు?"

"చప్పుడు వింటే వస్తుందని."

"చప్పుడు వినకపోయినా వచ్చింది కదా. ఆ గుడ్డ విప్పెయ్. నువ్వు చప్పుడు చెయ్యి, అది వస్తుంది. వాలేలోపు రేకు మీద వెయ్యి. నాలుగు రోజులు అలా చేస్తే బకెట్ అంటేనే బెదురుతుంది. నువ్వున్నా లేకపోయినా, రేపు నీ తర్వాత ఎవడు బకెట్ పట్టుకొచ్చినా, మళ్ళీ రాదు."

మేస్త్రి ఆమె మొహంలోకి చూశాడు. అందులో కచ్చ లేదు. కోళ్ళు పెంచుకునే మనిషికి గద్దని తోలడం ఎలాగో తెలుసు, అంతే. ఇన్నాళ్ళూ ఈ గోదాముల్లో ఆ పక్షులకి మేలు చేసింది ఈమె రాళ్ళొక్కటేనని ఆయనకి అప్పుడు అర్థమైంది.

ముందు ఆరు ఎలుకల్నీ గోతిలో వేసి, మట్టి కప్పి, కాలితో తొక్కాడు. తర్వాత కూర్చుని గుడ్డ ముడి విప్పాడు. గట్టిగా వేసిన ముడి, గోళ్ళకి లొంగడానికి చాలాసేపు పట్టింది. టీకొట్టావిడ తొందర పెట్టలేదు. కొంగులోంచి ఒక రాయి ఏరి ఆయన కుడిచేతిలో పెట్టింది.

ఎడంచేత్తో బకెట్ ఎత్తి, పిడిని రెండుసార్లు టకటకమనిపించాడు. అంత ఎత్తునించి గద్ద రెక్కలు ముడుచుకుని, ఆయన కోసమే వచ్చినట్టు, తిన్నగా దిగింది.

మేస్త్రి రేకు మీదకి రాయి విసిరాడు.